పరిపాలనలో కృత్రిమ మేధ: పని యంత్రమునకు, బాధ్యత మనుష్యునకు

ఇటీవల మేము ఒక గ్రామసభకు పోయియుంటిమి. పింఛనులను గురించియు, రేషను కార్డులను గురించియు ప్రసంగములు ముగిసిన పిమ్మట ఒక వృద్ధురాలు లేచి నిలువబడి, "బాబూ, ఇకమీదట పింఛను ఎవరికియ్యాలో మిషనే తేలుస్తుందంట గదా. దానికి నా మొగం తెలుసునా?" అని అడిగినది.

సభలో కొందరు నవ్విరి. ఆమె నవ్వలేదు. 2024 జులై నుండి ఆంధ్రప్రదేశమున వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను లభించుచున్నది. ఆ సొమ్ముతోనే మందులు, పాలు, ఇంటి వెచ్చములు జరుపుకొనువారికి ఈ ప్రశ్న నవ్వులాట కాదు. ఆనాడు మేము "మిషను సహాయమునకు మాత్రమే అమ్మా, భయము లేదు" అని చెప్పి కూర్చుంటిమి. అది తప్పు సమాధానము కాదు గాని, చాలిన సమాధానమును కాదు. యంత్రము సహాయము ఎంతవరకు? ఆ తరువాత నిర్ణయము ఎవరిది? పొరపాటు జరిగినచో ఎవరిని అడుగవలెను? మన దేశమునందే గాక ఇతర దేశములందును ప్రభుత్వ విధానములను రూపొందించువారు నేడు తర్కించుచున్నది ఈ మూడు ప్రశ్నలనే. వారి ఆలోచనలను, వారికి కలిగిన అనుభవములను గ్రామములలోని పాఠకులకు తేటగా చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కృత్రిమ మేధ యనగా నేమి?

ప్రభుత్వ కార్యాలయములలో కంప్యూటరు క్రొత్తది కాదు. 1998లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చినవి. 2011లో మీసేవ కేంద్రములు వెలసినవి. అయితే ఆ కంప్యూటరు, తనకు చెప్పిన నియమమును చెప్పినట్లు పాటించు గుమాస్తా వంటిది. "అరువది యేండ్లు నిండినవారి పేర్లు వ్రాయుము" అనినచో వ్రాయును. నియమము మనది, లెక్క దానిది.

కృత్రిమ మేధ నడచు మార్గము వేరు. దానికి నియమము చెప్పరు, ఉదాహరణములు చూపుదురు. మిరప యార్డులో క్రొత్తగా పనికి కుదిరిన కుర్రవాడు మొదట కాయను చూచి ఏమియు చెప్పలేడు. వేయి బస్తాలు విప్పి చూచిన పిమ్మట, ఇది మేలైన కాయ, ఇది తాలుకాయ అని దూరమునుండియే చెప్పగలడు. ఎట్లు తెలిసినదని అడిగినచో "చూస్తే తెలుస్తుందండీ" అనును గాని, కారణములు వరుసగా చెప్పలేడు. కృత్రిమ మేధయు ఇట్టిదే. లక్షల కొలది చిత్రములను, కాగితములను, మాటలను దానికి చూపగా, వాని పోలికలను పట్టుకొని క్రొత్తదానిని అంచనా వేయును. ఆకు ఫోటోను చూచి తెగులు పేరు చెప్పుట, తెలుగు మాటను విని హిందీలోనికి మార్చుట, రెండు శాఖల దస్తరములలో నున్న పేర్లు ఒకే మనిషివో కావో చూచుట, ఇవన్నియు ఇట్టి అంచనాలే.

పాఠకులు ఇచ్చట ఒక మాటను గట్టిగా గుర్తుంచుకొనవలెను. కృత్రిమ మేధ చెప్పునది అంచనా, ఋజువు కాదు. ఆ అంచనా పెక్కు పర్యాయములు సరిపోవును, కొన్ని పర్యాయములు తప్పును. తప్పినపుడును, సరిపోయినపుడు చెప్పినంత నిబ్బరముగానే చెప్పును. చదువరులు మున్ముందు చూడబోవు మేలుకును కీడుకును మూలము ఇదియే.

మొదటి దృష్టి: సేవ ప్రజల ముంగిటికి

విధానకర్తలు ఈ క్రొత్త సాధనమును మొదట చూచినది సేవకు పనికివచ్చు పరికరముగా. 2018 జూన్‌లో నీతి ఆయోగ్ ప్రకటించిన జాతీయ వ్యూహపత్రము వైద్యము, వ్యవసాయము, విద్య, పట్టణ సౌకర్యములు, రవాణా అను ఐదు రంగములలో దీనిని ముందుగా వినియోగింపవలెనని సూచించినది. వైద్యుడు లేని పల్లె, వ్యవసాయాధికారి చేరలేని పొలము గల దేశములో, ఉన్న కొలదిమంది నిపుణుల జ్ఞానమును ఎక్కువమందికి పంచిపెట్టవచ్చుననుట ఆ పత్రములోని ఆశ. 2024 మార్చి 7వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఇండియా ఏఐ మిషనుకు ఐదేండ్ల కాలమునకు 10,371.92 కోట్ల రూపాయలు మంజూరు చేసినది.

మన పల్లెలకు దీనివలన కలుగు మొదటి మేలు భాష విషయమున కనబడుచున్నది. దరఖాస్తు ఇంగ్లీషులో నుండుట, ఉత్తరువు ఇంగ్లీషులో వచ్చుట, దానిని చదివించుకొనుటకు ఇంకొకరి గడప త్రొక్కుట మన గ్రామస్థులకు తరతరముల కష్టము. 2022 జులైలో ఆరంభమైన భాషిణి అను కేంద్ర ప్రభుత్వ పథకము భారతీయ భాషల నడుమ మాటను, వ్రాతను మార్చు యంత్రములను తయారుచేయుచున్నది. పీఎం కిసాన్ పథకము రైతుల కొరకు 2023 సెప్టెంబరులో ప్రారంభించిన కిసాన్ ఇ-మిత్ర, తెలుగుతో కలిపి 11 భాషలలో ప్రశ్నలకు సమాధానము చెప్పుచున్నది. 2025 నాటికి దినమునకు 20 వేలకు పైగా ప్రశ్నలు దానికి వచ్చుచుండెడివి. "నా వాయిదా సొమ్ము ఏల పడలేదు?" అని రైతు తన గొంతుతో తానే అడుగుట స్వల్ప విషయము కాదు.

ఆంధ్రప్రదేశమున 2025 జనవరి 30వ తేదీన "మన మిత్ర" అను పేర వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలు ఆరంభమైనవి. తొలినాడు 161 సేవలతో మొదలై, తరువాత ఆ సంఖ్య పెరిగినది. మండల కార్యాలయమునకు పోయి రెండు పూటల కూలి పోగొట్టుకొనుటకు బదులు, చేతిలోని ఫోనులోనే పని జరుపుకొనవచ్చుననుట దీని ఉద్దేశము. మాటతో అడిగినచో యంత్రమే గ్రహించి చెప్పు విధమున దీనిని పెంపొందింపవలెనని సంకల్పము.

రెండవ మేలు వ్యవసాయమునకు. 2025 ఖరీఫు కాలమున కేంద్ర వ్యవసాయ శాఖ, కృత్రిమ మేధ సహాయముతో తయారైన ఋతుపవనముల రాక సమాచారమును 13 రాష్ట్రములలోని 3 కోట్ల 80 లక్షల రైతులకు ఫోను సందేశములుగా పంపినది. కొన్నిచోట్ల నాలుగు వారములు ముందుగానే సూచన అందినది. ఆ సంవత్సరము ఋతుపవనములు త్వరగా వచ్చి, నడుమ సుమారు 20 దినములు ఉత్తరమునకు సాగక నిలిచిపోయినవి. ఆ నిలుపుదలను యంత్రము ముందుగా పసికట్టినది. మధ్యప్రదేశ్, బీహారు రాష్ట్రములలో రైతులను ఫోనులో విచారింపగా, నూటికి 31 నుండి 52 మంది వరకు ఆ సమాచారమును బట్టి దుక్కిని, విత్తు సమయమును, పంటను మార్చుకొంటిమని చెప్పిరి.

తెలంగాణలో ఖమ్మం జిల్లా మిరప రైతుల అనుభవము మరియొకటి. "సాగు బాగు" పథకము క్రింద 2022లో మొదలుకొని 7,000 మంది రైతులకు ఫోను ద్వారా పంట సలహాలు, భూసార పరీక్ష, యంత్రముతో కాయ నాణ్యత నిర్ణయము వంటి సహాయము అందించిరి. ఎకరము దిగుబడి నూటికి 21 వంతులు హెచ్చినదనియు, పురుగుమందుల వాడకము నూటికి 9 వంతులు తగ్గినదనియు, ధర నూటికి 8 వంతులు అధికముగా పలికినదనియు ఆ పథకముతో సంబంధము గల ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించినది.

ఈ పనులన్నిటిలో ఒక సమాన లక్షణము గలదు. యంత్రము సలహా చెప్పుచున్నది, నిర్ణయించుకొనువాడు రైతే. సలహా నచ్చనిచో మానుకొనును, పొరుగు రైతును అడుగును, ఆకాశము వంక చూచును. అంచనా తప్పినను, దానిని త్రోసిపుచ్చు అధికారము అతని చేతిలోనే యున్నది.

రెండవ దృష్టి: అనర్హుల ఏరివేత

విధానకర్తలు కృత్రిమ మేధను చూచు రెండవ దృష్టి ఖజానా కాపలాదారుగా. మరణించినవారి పేర పింఛను పోవుట, కారును మేడయు గలవారు పేదల బియ్యము తినుట ఎవరికిని సమ్మతము కాదు. వాహనముల రిజిస్టరు ఒక శాఖలో, భూమి దస్తరము మరియొక శాఖలో, ఆదాయపు పన్ను వివరము ఇంకొకచోట ఉన్నవి. వీనినన్నిటిని యంత్రముచేత కలిపి చూపించినచో అనర్హులు బయటపడుదురనియు, ఆ ధనము నిజమైన పేదలకు చేరుననియు వీరి వాదము. యంత్రమునకు బంధుప్రీతి లేదు, లంచము పుచ్చుకొనదు, పార్టీ చూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడను సామెత పుట్టిన దేశములో ఈ వాదమునకు బలము లేదనరాదు.

కాని దస్తరములు కలియవలెననిన పేర్లు కలియవలెను. చిక్కు అచ్చటనే యున్నది. ఒకే ఊరిలో నలుగురు వెంకటేశ్వర్లు ఉందురు. ఇంటిపేరు ఒక కాగితములో పూర్తిగా నుండును, మరియొక దానిలో పొడి అక్షరముగా నుండును. ఆధార్‌లో లక్ష్మి, పట్టాదారు పుస్తకములో లక్ష్మమ్మ. ఇంగ్లీషు అక్షరములలో వ్రాయునప్పుడు ఎవరికి తోచినట్లు వారు వ్రాయుదురు. యంత్రము పేరును, తండ్రి పేరును, ఊరిని పోల్చి "వీరు బహుశః ఒకరే" అని అంచనా కట్టును. అట్టి సమయమున కారు కొన్న వెంకటేశ్వర్లును, కిరాయికి కారు తోలుకొని బ్రదుకు వెంకటేశ్వర్లును ఆ లెక్కలో ఒకరే కావచ్చును. కొన్నవాడు హాయిగా నుండును. తోలువాని ఇంట బియ్యము ఆగిపోవును.

ఇది ఊహ కాదు. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషను కార్డులు, ఇంటికి పోయి విచారింపకయే కంప్యూటరు పరిశీలనను బట్టి రద్దయినవను వివాదము సుప్రీంకోర్టు వరకు పోయినది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలింపవలసినదిగా 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానము ఆదేశించినది. అదే సంవత్సరము జులై నాటికి పరిశీలన ముగిసిన సుమారు 2 లక్షల దరఖాస్తులలో 15 వేలకు పైగా అర్హమైనవని తేలినట్లు పత్రికలలో వచ్చినది. పరిశీలించినవానిలో పెక్కు అనర్హమైనవే యనుటయు నిజము. ఆ 15 వేల కుటుంబములు అర్హులై యుండియు కార్డు పోగొట్టుకొనుటయు నిజము. ఇట్టి పొరపాటు ఒక రాష్ట్రమునకు, ఒక ప్రభుత్వమునకు పరిమితమైనది కాదు. ఏ రాష్ట్రమైనను ఈ మార్గమున నడచినచో ఈ గోతిని చూచియే నడువవలెను.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక రాష్ట్రములో కోటి కార్డులున్నవని అనుకొనుడు. యంత్రము నూటికి 99 సరిగా చెప్పునని అనుకొనుడు. అంత నేర్పు గల గుమాస్తా దొరకుట అరుదు. అయినను మిగిలిన ఒక వంతు, లక్ష కుటుంబములు. ఇంటికి నలుగురు చొప్పున నాలుగు లక్షల ప్రాణులు. అందు కొందరి విషయమున అనర్హులను అర్హులనుట జరుగును, కొందరి విషయమున అర్హులను అనర్హులనుట జరుగును. మొదటి పొరపాటువలన ఖజానాకు నష్టము. రెండవదానివలన ఒక యింట పొయ్యి వెలుగదు. ఈ రెండు పొరపాటులను ఒకే త్రాసులో తూచరాదు.

ఇతర దేశముల పాఠములు

ధనము, చదువు, యంత్రములు మనకన్న అధికముగా నున్న దేశములును ఈ విషయమున దెబ్బతినినవి.

ఆస్ట్రేలియాలో నిరుద్యోగులకు, పేదలకు ప్రభుత్వము రెండు వారములకు ఒకసారి భృతి ఇచ్చును. ఆ రెండు వారములలో వచ్చిన ఆదాయమును బట్టి భృతి తగ్గుచు హెచ్చుచుండును. 2015లో మొదలైన ఒక పద్ధతిలో, పన్నుల శాఖ వద్దనున్న సంవత్సరాదాయమును తెచ్చి, దానిని 26 సమభాగములు చేసి, ప్రతి రెండు వారములకును ఇంత ఆదాయమున్నదని కంప్యూటరు తేల్చినది. మన భాషలో చెప్పవలెననిన ఇట్లుండును. ఒక కూలీకి నాట్లు, కోతల కాలమున మాత్రమే పని దొరకి, పది పక్షములలో పక్షమునకు 5,200 చొప్పున 52,000 రూపాయలు వచ్చినవి. మిగిలిన పదునారు పక్షములు పస్తు. కంప్యూటరు 52,000ను 26చేత భాగించి, "నీకు ప్రతి పక్షమునను 2,000 వచ్చినది. పని లేదని చెప్పి పుచ్చుకొన్న సొమ్మును తిరిగి కట్టుము" అని తాఖీదు పంపినది. భాగహారము సరియే, బ్రదుకు అట్లు భాగింపబడదు. తాఖీదు తప్పని నిరూపించు భారము కూడ ఆ పేదవానిమీదనే పెట్టిరి.

నాలుగు లక్షలకు పైబడినవారు ఈ తాఖీదుల పాలైరి. ఇది చట్టవిరుద్ధమని 2019లో న్యాయస్థానమున తేలినది; 2020లో ప్రభుత్వము వసూలు చేసిన సొమ్మును తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొన్నది. విచారణ సంఘము 2023 జులైలో నివేదిక సమర్పించినది. కుమారులను పోగొట్టుకొన్న తల్లులు ఆ సంఘము ఎదుట వాఙ్మూలమిచ్చిరి. ఇందులో కృత్రిమ మేధ కూడ లేదు. ఉన్నది ఒక చిన్న భాగహారము. మనిషి చూడకుండ యంత్రమును పోనిచ్చినచో భాగహారమే ఇంత పని చేయగా, తన కారణములను తానే చెప్పలేని యంత్రము ఎంత పని చేయునో ఊహింపవచ్చును.

నెదర్లాండ్స్ దేశమున పిల్లల సంరక్షణ కొరకు తల్లిదండ్రులకు ఇచ్చు సహాయములో మోసగాండ్రను పట్టుటకు పన్నుల శాఖ ఒక యంత్రముచేత అనుమానితులకు మార్కులు వేయించినది. దేశ పౌరులు కాకపోవుట కూడ అనుమానమును పెంచు కారణముగా అందులో చేర్చియుండిరి. వేలాది కుటుంబములపై మోసగాండ్రను ముద్ర పడినది. పుచ్చుకొన్న సహాయమంతయు కట్టుమనగా అప్పుల పాలైరి. 2021 జనవరి 15వ తేదీన ఆ దేశ మంత్రివర్గము దీనికి బాధ్యత వహించి రాజీనామా చేసినది. మరుసటి సంవత్సరము డిసెంబరులో, ప్రభుత్వ శాఖలు ఏ యే పనులకు ఇట్టి యంత్రములను వాడుచున్నవో ప్రజలు చూచుటకు వీలుగా ఒక బహిరంగ పట్టికను ఆ ప్రభుత్వము తెరచినది.

మూడవ దృష్టి: జాగ్రత్త

ఇట్టి అనుభవములనుండి విధానకర్తలలో మూడవ దృష్టి బలపడినది. ఐరోపా దేశముల సమాఖ్య 2024 ఆగస్టు 1వ తేదీన అమలులోనికి తెచ్చిన చట్టము, ప్రజలకు ప్రభుత్వ సహాయమునకు అర్హత ఉన్నదా లేదా యని నిర్ణయించు యంత్రములను అధిక ప్రమాదము గల తరగతిలో చేర్చినది. అట్టివానిపై మనుష్యుల పర్యవేక్షణ ఉండి తీరవలెనని విధించి, నియమములను దశలవారీగా అమలుపరచుటకు ఏర్పాటు చేసినది.

మన దేశములో కేంద్ర ప్రభుత్వము 2025 నవంబరులో కృత్రిమ మేధ పరిపాలనకు మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. మద్రాసు ఐఐటీ ఆచార్యులు బలరామన్ రవీంద్రన్ గారి అధ్యక్షతన గల సంఘము వీనిని రూపొందించినది. విశ్వాసము, ప్రజలకు మొదటి స్థానము, నిర్బంధముకన్న నూతన కల్పనకు ప్రాధాన్యము, సమన్యాయము, జవాబుదారీతనము, సులభముగా అర్థమగుట, భద్రత అనునవి అందలి ఏడు సూత్రముల సారము. ప్రస్తుతమునకు వేరు చట్టము అవసరము లేదనియు, ఉన్న చట్టములనే సక్రమముగా వినియోగింపవచ్చుననియు ఆ సంఘము అభిప్రాయపడినది. కఠినమైన చట్టము ఇప్పుడే చేసినచో మేలు చేయు పనులును ఆగిపోవునని కొందరి భయము. చట్టము లేనిచో సూత్రములు కాగితము మీదనే యుండునని మరి కొందరి భయము. రెండు భయములును నిరాధారములు కావు. కనుకనే ఉన్న చట్టములలో తమకు ఏ హక్కు గలదో ప్రజలు తెలిసికొనుట మిక్కిలి అవసరమైనది.

ప్రజల వివరముల గోప్యతయు ఇందులో భాగమే. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారీగా అమలులోనికి వచ్చునట్లు నిర్ణయింపబడినవి. తప్పుగా నున్న తన వివరమును సరిచేయించుకొను హక్కు ఆ చట్టములో గలదు. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ, తన కార్యాలయపు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి బయటి సాధనములను వాడవలదని సిబ్బందిని ఆదేశించినది. ప్రభుత్వ పత్రములు బయటివారి యంత్రములకు చేరుననునది ఆ ఆదేశమునకు కారణము. ఒకవైపు వేల కోట్లు వెచ్చించి ఈ విద్యను పెంచుచు, మరియొకవైపు తలుపునకు గడియ పెట్టుట పరస్పర విరుద్ధముగా కనిపించవచ్చును. ధాన్యము పండించువాడే గాదెకు తాళము వేయును గదా!

ఈ మూడు దృష్టులను కలిపి చూచినచో మాకు తోచు సారము ఒక్కటి. ఇచ్చుటకును, చెప్పుటకును, వెదకుటకును యంత్రము ఎంతయు పనికివచ్చును. అర్హులై యుండి దరఖాస్తు చేసికొనని వారిని వెదకి పట్టుకొనుటకు దీనిని వాడినచో మరింత మేలు. కాని ఒకరికి లభించుచున్న దానిని తీసివేయునపుడు మాత్రము యంత్రము మాట అనుమానము వరకే నిలువవలెను. దానిపై ఒక అధికారి విచారించి, ఆ మనిషి మాట విని, కారణము వ్రాసి సంతకము చేయవలెను. సంతకము చేసినవారు జవాబుదారులగుదురు. అది లేనిచో గుమాస్తా కంప్యూటరును చూపును, కంప్యూటరు చేసినవారు దస్తరమును చూపుదురు, దస్తరము వ్రాసినవారు ఎన్నడో బదిలీ అయిపోయియుందురు. తిలాపాపము తలా పిడికెడు. పస్తు మాత్రము ఒక్క యింటిదే.

గ్రామస్థులు చేయవలసినది

ప్రభుత్వము ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను ప్రజల మెలకువ లేనిదే అవి ఫలింపవు. కావున పాఠకులు ఈ క్రింది విషయములను తాము గుర్తుంచుకొని, చదువురాని ఇరుగుపొరుగువారికి కూడ చెప్పవలెనని కోరుచున్నాము.

1. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, పట్టాదారు పుస్తకము, ఈ నాలుగింటిని ఒకచోట పెట్టి చూచుకొనుడు. పేరు, ఇంటిపేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ అన్నిటిలో ఒకే విధముగా నున్నవో లేవో పరిశీలింపుడు. తేడా యున్నచో కష్టము రాకముందే సరిచేయించుకొనుడు.

2. పింఛనుగాని, కార్డుగాని ఆగినచో "కంప్యూటరు తీసివేసినది" అను మాటను సమాధానముగా స్వీకరింపవలదు. 2005 సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ప్రకారము, ఒకరికి సంబంధించిన పరిపాలనా నిర్ణయమునకు కారణములను వారికి తెలుపుట ప్రభుత్వ కార్యాలయము విధి. వ్రాతపూర్వకముగా అడుగుడు. దరఖాస్తుకు సాధారణముగా 30 దినములలో సమాధానము రావలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు.

3. రేషను విషయమున 2013 జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఫిర్యాదు చేయవచ్చును. అచ్చట న్యాయము జరుగనిచో రాష్ట్ర ఆహార కమిషనునకు విన్నవించుకొనవచ్చును. ఫిర్యాదు ఇచ్చినపుడు రసీదు తప్పక పుచ్చుకొనుడు.

4. తొలగింపబడినవారి జాబితాను గ్రామసభలో చదివి వినిపింపుమని అడుగుడు. ఏ వెంకటేశ్వర్లుకు కారున్నదో, ఏ వెంకటేశ్వర్లుకు లేదో యంత్రముకన్న ఊరికి బాగుగా తెలియును. అట్లే మరణించినవారి పేర్లు, ఊరు విడిచిపోయినవారి పేర్లు జాబితాలో నున్నచో దాచక చెప్పుట కూడ ఊరివారి ధర్మము. ఊరు నిజము చెప్పిననాడు యంత్రము అనుమానింపవలసిన పని తగ్గును.

5. ఫోనులో సమాధానము చెప్పు యంత్రము ప్రభుత్వముదో కాదో తెలియనిచో, సచివాలయములో గాని మీసేవలో గాని అడిగి తెలిసికొనుడు. ఓటీపీని, బ్యాంకు రహస్య సంఖ్యను ఎవరికిని, ఏ యంత్రమునకును చెప్పవలదు. మందు మోతాదు, పురుగుమందు పాలు వంటి విషయములలో యంత్రము సలహాను వైద్యునితోను వ్యవసాయ సహాయకునితోను ఒకసారి సరిచూచుకొనుడు.

ఇక ఆ వృద్ధురాలి ప్రశ్నకు వత్తుము. మరల ఆ గ్రామమునకు పోయినపుడు మేము ఆమెకు చెప్పదలచిన సమాధానము ఇది: "అమ్మా, మిషనుకు నీ మొగము తెలియదు. నీ పేరు, నీ అంకెలు మాత్రమే తెలియును. అవియు ఎవరో వ్రాసినంత వరకే. నీ మొగము తెలిసినవారు నీ ఊరిలో ఉన్నారు. మిషను నిన్ను అనుమానించినచో, వారిలో ఒకరు నీ గడపకు వచ్చి నిన్ను చూచి మాటాడిన తరువాతనే నీ పేరు మీద కలము పెట్టవలెను. అట్లు రానిచో, ఎవరు సంతకము చేసినారో చూపుమని అడుగు. అడుగుటకు నీకు హక్కున్నది."

ఆమె ఆ మాట అడుగగలిగిన నాడును, ఆ మాటకు ప్రతి కార్యాలయమునందును ఒక అధికారి లేచి బదులు చెప్పిన నాడును, ఈ క్రొత్త విద్యవలన పల్లెకు కీడు తగ్గి మేలు మిగులును.